కరువు సీమల్లో సాగునీటి కాలువలు: నిర్మాణ సామగ్రి ఎంపిక

వానలు తక్కువ పడే ప్రాంతాల్లో నది నుంచో జలాశయం నుంచో పొలానికి నీళ్లు తీసుకెళ్లే కాలువను దేనితో కట్టాలి, లోపలి ముఖానికి ఏ పొర వేయాలి, ఆ పొర కింద ఏ మట్టి పరవాలి అన్న నిర్ణయాలన్నీ కలిపి సామగ్రి ఎంపిక అవుతుంది. బంకమట్టి, సున్నం, బండలు, కాల్చిన టైల్స్, సిమెంటు కాంక్రీటు, ప్లాస్టిక్ షీటు, పైపులు ఇందులోకి వస్తాయి. లోపలి ముఖానికి వేసే పొరను రైతు నుంచి చీఫ్ ఇంజనీరు దాకా అందరూ లైనింగ్ అనే అంటారు. పైన వేసే సామగ్రి గురించి టెండర్లలో పేజీలకు పేజీలు ఉంటాయి. కింద ఉన్న నేల గురించి రెండు మూడు వాక్యాలకు మించి కనిపించదు. లైనింగ్‌లు పగిలిపోవడానికి మాత్రం ఎక్కువగా ఆ నేలే కారణం. అందుకే ఈ వ్యాసంలో నేలకు ఎక్కువ చోటు ఇస్తున్నాం.

ఢిల్లీలో నిబంధనలు, సీమలో కాలువలు

దక్షిణ ఢిల్లీలో సరోజినీ నగర్ నుంచి రింగ్ రోడ్డు దాటి కొద్ది దూరం వెళ్తే రామకృష్ణపురంలో సేవా భవన్ వస్తుంది. కేంద్ర జల సంఘం కార్యాలయం అదే. ఇంకాస్త ముందుకు హౌజ్ ఖాస్‌లో కేంద్ర మృత్తికా, నిర్మాణ సామగ్రి పరిశోధన కేంద్రం ఉంది. ఆనకట్టల, కాలువల మట్టినీ రాతినీ కాంక్రీటునూ పరీక్షించడమే దాని పని. కాలువల కోసం భారతీయ ప్రమాణాల సంస్థ రాసిన నిబంధనలు కూడా ఈ నగరం నుంచే వెలువడ్డాయి. లైనింగ్ కాలువల రూపకల్పనకు, ఏ రకం లైనింగ్ ఎంచుకోవాలో చెప్పడానికి ఐ.ఎస్. 10430, ఉబ్బే నేలల్లో లైనింగ్‌కు ఐ.ఎస్. 9451, కింది నీటిని బయటికి పంపే ఏర్పాట్లకు ఐ.ఎస్. 4558, ప్లాస్టిక్ పొరకు ఐ.ఎస్. 9698 ఉన్నాయి. కర్నూలులోనో నల్గొండలోనో కాలువ అంచనా తయారు చేసే ఇంజనీరు బల్ల మీద ఉండేవి ఇవే.

ఈ వ్యవస్థలో తెలుగువారి చెయ్యి పెద్దదే. కృష్ణా జిల్లాకు చెందిన కానూరి లక్ష్మణరావు కేంద్ర జల, విద్యుత్ సంఘంలో డిజైన్ల విభాగాన్ని నడిపించారు, ఆ తరువాత కేంద్ర నీటిపారుదల మంత్రిగా పనిచేశారు. నాగార్జునసాగర్‌ను రాతికట్టుతో నిర్మించడం వెనుక ఆయన ఆలోచన ఉంది. దగ్గర్లో దొరికే రాయి, ఊళ్లలో దొరికే మనుషులు, తక్కువ సిమెంటు అన్న ఆ లెక్క ఆనకట్టకు ఎంత వర్తిస్తుందో కాలువకూ అంతే వర్తిస్తుంది.

ఢిల్లీ కూడా పుష్కలంగా వాన కురిసే ఊరేమీ కాదు. సరోజినీ నగర్ పక్కనే ఉన్న సఫ్దర్‌జంగ్ వాతావరణ కేంద్రంలో ఏడాదికి సగటు వర్షపాతం సుమారు 770 మిల్లీమీటర్లు, అదీ ఎక్కువగా మూడు నెలల్లోనే. అనంతపురంలో అది 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఢిల్లీకి కాలువ నీళ్లు కొత్త కాదు. పద్నాలుగో శతాబ్దంలో ఫిరోజ్ షా తుగ్లక్ తవ్వించిన పశ్చిమ యమునా కాలువను షాజహాన్ కాలంలో అలీ మర్దాన్ ఖాన్ నగరం దాకా తెచ్చాడు. అది పూడిపోతే ఆంగ్లేయులు 1820లో మళ్లీ పారించారు. ఇప్పటి నగరం ఆధారపడుతున్నది హర్యానాలోని మునక్ నుంచి హైదర్‌పూర్ దాకా వచ్చే 102 కిలోమీటర్ల లైనింగ్ కాలువ మీద. అంతకుముందు మట్టి కాలువలో వచ్చేటప్పుడు రోజుకు 8 కోట్ల గ్యాలన్ల దాకా నేలలో ఇంకిపోయేవని అంచనా. 1996లో రెండు రాష్ట్రాల మధ్య ఒప్పందం కుదిరింది. ఢిల్లీ డబ్బు ఇచ్చింది, హర్యానా 2003-2012 మధ్య కొత్త కాలువ కట్టింది. తాగునీటికే ప్రధానంగా వాడుతున్నా, కాలువ సామగ్రి మార్చితే ఎన్ని నీళ్లు మిగులుతాయో చూపడానికి దేశంలో ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణలు తక్కువ. లైనింగ్ ఉన్నంత మాత్రాన భద్రత ఉన్నట్టు కాదనడానికీ ఇదే ఉదాహరణ. 2024 జులైలో బవానా దగ్గర ఈ కాలువకు గండి పడి పక్కనున్న కాలనీలోకి నీళ్లు వచ్చాయి.

ఇంకిపోయే నీటి లెక్క

మన నీటిపారుదల శాఖలు చాలాకాలంగా ఒక మోటు లెక్క వాడుతున్నాయి. మట్టి కాలువలో తడిసే ప్రతి పది లక్షల చదరపు అడుగులకు 8 క్యూసెక్కులు, లైనింగ్ ఉన్నదానిలో 2 క్యూసెక్కులు ఇంకిపోతాయని అంచనా. అంటే పది లక్షల చదరపు మీటర్లకు సెకనుకు సుమారు 2.4, 0.6 ఘనపు మీటర్లు. నేలను బట్టి ఇది మారుతుంది. గట్టి రాతిలో తక్కువ, నల్లరేగడిలో కొంచెం ఎక్కువ, గరపలో, ఇసుకలో ఇంకా ఎక్కువ.

ఈ అంకెలను ఒక కాలువకు వర్తింపజేస్తే విషయం తెలుస్తుంది. అడుగు, రెండు వాలులు కలిపి 20 మీటర్లు తడిసే కాలువ 50 కిలోమీటర్లు పారుతోందనుకుందాం. తడిసే వైశాల్యం సరిగ్గా పది లక్షల చదరపు మీటర్లు. మట్టి కాలువకూ లైనింగ్ కాలువకూ తేడా సెకనుకు 1.8 ఘనపు మీటర్లు, రోజుకు లక్షా 55 వేల ఘనపు మీటర్లు. ఆరు నెలలు పారితే అది దాదాపు ఒక టీఎంసీ. ఆరుతడి పంటలకు టీఎంసీకి పదివేల ఎకరాలని రాయలసీమలో వేసుకునే లెక్క ప్రకారం, ఒక్క కాలువలో యాభై కిలోమీటర్ల మేర ఇంకిపోయే నీళ్లే ఒక మండలాన్ని తడుపుతాయి.

ఎండకు ఆవిరయ్యే నీళ్ల గురించి అందరూ మాట్లాడతారు. మండు వేసవిలో కాలువ నీటి మట్టం ఆవిరి వల్ల రోజుకు సుమారు ఒక సెంటీమీటరు తగ్గవచ్చు. పై లెక్క ప్రకారం మట్టి కాలువలో రోజుకు ఇంకేది 20 సెంటీమీటర్లు. గుజరాత్‌లో మెహసాణా జిల్లా చంద్రాసన్ దగ్గర 2012లో నర్మదా కాలువ మీద 750 మీటర్ల మేర సౌర ఫలకాలు పరిచి ఒక మెగావాట్ విద్యుత్తు తీశారు. మంచి పనే. కానీ నీటి పొదుపు కోసమే అయితే, ముందు చూడాల్సింది కాలువ అడుగు వైపు, ఆ తరువాతే ఆకాశం వైపు.

లైనింగ్ వల్ల ఇంకో లాభం నునుపు. మట్టి కాలువకు గరుకుదనం అంకె 0.025 దాకా వేసుకుంటే, కాంక్రీటుకు 0.018 వేసుకుంటారు. అదే కొలతల కాలువలో, అదే వాలులో దాదాపు నలభై శాతం ఎక్కువ నీళ్లు పోతాయి. కొత్త కాలువైతే వెడల్పు తగ్గించుకోవచ్చు, భూసేకరణ తగ్గుతుంది. నీటి వేగం కూడా పెంచుకోవచ్చు. రాతి పేర్పుకు సెకనుకు 1.5 మీటర్లు, టైల్స్‌కు 1.8, కాంక్రీటుకు 2.7 మీటర్ల దాకా నిబంధన ఒప్పుకుంటుంది.

కింద ఉన్న నేల

రాయలసీమలో ఒకే కాలువ పది కిలోమీటర్లలో మూడు రకాల నేలలు దాటుతుంది. నంద్యాల చుట్టూ నల్లరేగడి, అనంతపురం వైపు ఎర్రగరప, మధ్యలో రాతిగుట్టలు. ఒకే డ్రాయింగ్‌తో మూడింటికీ ఒకే లైనింగ్ వేస్తే ఎక్కడో ఒకచోట అది విరగక తప్పదు.

నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. ఆ ఉబ్బే ఒత్తిడి ముందు పది సెంటీమీటర్ల కాంక్రీటు పలక నిలవదు. వాలు మీద పలకలు పైకి లేచి, కీళ్ల దగ్గర నోరు తెరుచుకుని, ఒకదాని మీదికి ఒకటి జారిపోతాయి. కాంక్రీటు మందం పెంచితే సరిపోతుందని చాలాకాలం అనుకున్నారు. బొంబాయి ఐఐటీలో ఆర్.కె. కట్టి చేసిన పరిశోధన దారి మార్చింది. ఉబ్బే నేలకూ లైనింగ్‌కూ మధ్య ఉబ్బని, కానీ జిగురు ఉన్న మట్టిని పొరలుగా వేసి రోలరుతో గట్టిపరిస్తే, ఆ పొరే కింది నేలను కదలనీయకుండా పట్టి ఉంచుతుందని ఆయన చూపించారు. కర్ణాటకలో మలప్రభ కాలువ మీద దీన్ని అమలు చేశారు. ఐ.ఎస్. 9451 ఈ పొరకు చట్రం ఇచ్చింది. పెద్ద కాలువల్లో ఉబ్బే ఒత్తిడిని బట్టి 75 సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా మందం ఉండాలి. సైటులో దీన్ని సీఎన్ఎస్ మట్టి అంటారు. దొరికేది సాధారణంగా జిగురున్న ఎర్ర మొరమే.

ఇక్కడే ఎంపిక చెడుతుంది. జిగురు లేని గరుసు మొరం తెచ్చి అదే సీఎన్ఎస్ అని పరిస్తే, అది ఉబ్బదు నిజమే, కానీ నీటిని సులువుగా కింది రేగడికి చేరవేస్తుంది. మట్టి తెచ్చే క్వారీ ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంటే, మీటరు పొర కాస్తా అరమీటరు అవుతుంది. పైన కాంక్రీటు పడ్డాక ఇది ఎవరికీ కనిపించదు. మూడో వేసవికో నాలుగో వేసవికో పలకలు లేస్తాయి. నల్లరేగడిలో కాలువ కట్టేటప్పుడు అన్నింటికన్నా విలువైన సామగ్రి సిమెంటు కాదు, ఈ మట్టి.

ఎర్రగరపలో ఉబ్బు సమస్య లేదు, ఇంకుడే సమస్య. రాతి కోతలో పగుళ్ల గుండా నీళ్లు పోతే తప్ప పూర్తి లైనింగ్ అక్కర్లేదు. కట్ట పోసి నేలకన్నా ఎత్తులో కాలువను తీసుకెళ్లే చోట్ల మాత్రం ఏ నేలైనా ఆలోచించకుండా లైనింగ్ వేయాలి. ఎండ్రకాయల బొరియలు, పందికొక్కుల బొరియలు కట్టలో మొదట చిన్న బుంగగా మొదలై రాత్రికి రాత్రి గండి అవుతాయి. కింద ఊరు ఉంటే చెప్పాల్సిన పని లేదు.

ఉప్పు నేలలు మరో కష్టం. నేలలో సల్ఫేట్లు ఎక్కువగా ఉంటే మామూలు సిమెంటు కాంక్రీటు లోపలి నుంచి పొడి అవుతుంది. సల్ఫేట్ తట్టుకునే సిమెంటో, బూడిద లేదా స్లాగ్ కలిపిన సిమెంటో వాడాలి. నేల ఉప్పుదైతే కట్టడానికి చేటని మన పెద్దలకు కొత్తగా చెప్పనక్కర్లేదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, రాకూడని ఆరు దోషాలను చెబుతుంది. గట్టి అడుగు, దగ్గర్లో పొడవైన తిన్నని రాళ్లు దొరికే గని అంగాల్లో ఉన్నాయి. కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల దోషాల్లో ఉన్నాయి. ఆరువందల యాభై ఏళ్ల కిందటే సీమలో సామగ్రి ఎంపికను నేలతో కలిపి ఆలోచించారనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

సామగ్రి

మట్టి కాలువను చిన్నచూపు చూడకూడదు. సుంకేసుల నుంచి కడప దాకా 306 కిలోమీటర్లు వెళ్లే కర్నూలు-కడప కాలువను మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1863-1870 మధ్య తవ్వించింది. నీళ్లతో పాటు పడవలూ నడపాలని వాళ్ల ఆశ. లాభం రాక 1882లో ప్రభుత్వానికి అప్పగించారు. శతాబ్దం పైగా మట్టి కాలువగానే పారింది, 1990ల చివర నుంచి జపాన్ రుణంతో లైనింగ్, కట్టడాల ఆధునికీకరణ జరిగాయి. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం దీన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. గట్టిపరచిన బంకమట్టి పొర చాలా చౌక, ఇంకుడును బాగానే ఆపుతుంది. కాకపోతే నీళ్లు ఎప్పుడూ ఉండాలి. ఆరు నెలలు పారి ఆరు నెలలు ఎండే మన కాలువల్లో బంకమట్టి బీటలు వారి మొదటి తడికే సగం గుణం కోల్పోతుంది. పశువులు దిగడం, గేదెలు పడుకోవడం మిగతా పని పూర్తి చేస్తాయి.

సున్నం కథ ముగిసినట్టే. గానుగ సున్నంలో ఇటుక పొడి, అంటే సుర్ఖీ కలిపితే నీటిలో కూడా గట్టిపడుతుందని రోమన్లకూ తెలుసు, మన మేస్త్రీలకూ తెలుసు. తుంగభద్ర ఆనకట్టలో సుర్ఖీ వాడారు. రాజస్థాన్‌లో బికనేరు మహారాజు గంగాసింగ్ కట్టించి 1927లో ప్రారంభించిన గంగ్ కాలువకు సున్నపు కాంక్రీటుతోనే లైనింగ్ వేశారు. ఎడారిలో పెద్ద కాలువకు మొత్తం లైనింగ్ వేయవచ్చని దేశానికి చూపించింది అదే.

రాతిబండ సీమకు సొంత సామగ్రి. కడప బండ, బేతంచెర్ల నాపరాయి పలుచగా, సమంగా చీలి వస్తాయి. తెలంగాణలో తాండూరు, సరిహద్దు దాటితే షాబాద్ బండలు. చిన్న పంట కాలువలకు, డిస్ట్రిబ్యూటరీలకు బండ లైనింగ్ బాగా నప్పుతుంది. ఊరి మేస్త్రీ వేయగలడు, ఒక బండ విరిగితే ఆ ఒక్కటే మార్చవచ్చు. కీళ్లే దాని బలహీనత. బండ ఎంత గట్టిదైనా మధ్య సిమెంటు మోర్టార్ రాలిపోతే నీళ్లు బండ వెనక చేరి మట్టిని లాక్కుపోతాయి. బయటికి బాగానే కనిపిస్తూ లోపల డొల్ల అవుతుంది. ఎండ్రకాయ దూరేంత సందు ఉంటే చాలు.

కాల్చిన టైల్స్ ఆంధ్ర, తెలంగాణల్లో అంతగా కనిపించవు గాని ఎడారి కాలువల చరిత్ర వాటిది. 1958 మార్చి 31న పని మొదలైన ఇందిరాగాంధీ కాలువ, అప్పటి రాజస్థాన్ కాలువ, 204 కిలోమీటర్ల ఫీడరు, 445 కిలోమీటర్ల ప్రధాన కాలువ కలిపి 649 కిలోమీటర్లు. కంకర దొరకని ఇసుకలో దొరికేది ఇటుక మట్టి, మనుషుల చేతులు. రెండు వరసల టైల్స్ మధ్య సిమెంటు మోర్టార్ పొర వేసిన లైనింగ్ అక్కడ విస్తారంగా వాడారు. పెద్ద కాంక్రీటు పలకలకన్నా చిన్న టైల్స్ ఇసుక కొద్దిగా కుంగినా తట్టుకుంటాయి. అక్కడే ఇంకో పాఠం కూడా వచ్చింది. లైనింగ్ కాలువకే వేశారు, పొలాల్లో మాత్రం నీళ్లు విచ్చలవిడిగా పెట్టారు. కింద జిప్సం గట్టిపొర ఉన్న చోట్ల భూములు ఊటెక్కిపోయాయి. కాలువ సామగ్రి ఒక్కటే నీటి సమస్యను తీర్చదు.

ఈ రోజు పెద్ద కాలువలకు మొదట గుర్తొచ్చేది సిమెంటు కాంక్రీటు. మందం నీటి పరిమాణాన్ని బట్టి ఉంటుంది. చిన్న కాలువలకు 50-60 మిల్లీమీటర్లు, సెకనుకు మూడు వందల ఘనపు మీటర్లు దాటితే 120-150. లైనింగ్ బరువు మోసేది కాదు, వాలు మీద ఆనుకుని ఉండేది. అందుకే మందం పెంచడం కన్నా వాలు సరిగా ఉంచడం, కింది మట్టిని గట్టిపరచడం మేలు. కాంక్రీటు పగుళ్లివ్వక మానదు. పగిలేదేదో కీళ్ల దగ్గరే పగలాలని కీళ్లు పెడతారు. పోసిన ఏడాదే కీళ్లలో తారు, ఇసుక మిశ్రమం ఎండి ఊడిపోతుంది, మరుసటేడు అందులో తుంగ, ఆ తరువాత సర్కారు తుమ్మ మొలుస్తాయి.

ప్లాస్టిక్ పొర విషయంలో తీర్పు ఇప్పటికే వచ్చేసింది. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం డెషూట్స్ నది ప్రాంతంలో, పగుళ్లున్న లావా రాతి మీద, అక్కడి కేంద్ర నీటిపారుదల సంస్థ 1991 నుంచి పదేళ్ల పాటు వేరువేరు లైనింగ్‌లను పక్కపక్కన వేసి కొలిచింది. ఒట్టి కాంక్రీటు ఇంకుడును 70 శాతం ఆపింది, 40-60 ఏళ్లు నిలుస్తుంది. పైన కప్పు లేని ప్లాస్టిక్ షీటు 90 శాతం ఆపింది గాని ఆయుష్షు 10-25 ఏళ్లే. షీటు వేసి దాని మీద కాంక్రీటు కప్పితే 95 శాతం, ఆయుష్షు 40-60 ఏళ్లు. కాంక్రీటు షీటును ఎండ నుంచి, పశువుల గిట్టల నుంచి కాపాడుతుంది, షీటు కాంక్రీటు పగుళ్ల నుంచి నీటిని కాపాడుతుంది. మన ఐ.ఎస్. 9698 కూడా కాంక్రీటు కిందో టైల్స్ కిందో నల్ల పాలిథిన్ పొర పరిచే పద్ధతినే చెబుతుంది. మొత్తం ఖర్చులో షీటు వాటా చాలా తక్కువ. అంచనాల్లో డబ్బు తగ్గించాల్సి వస్తే మొదట కొట్టేసేది దాన్నే కావడం విచారకరం.

అనంతపురం జిల్లాలో ఈ షీటు రైతులకు కొత్తది కాదు. చీనీ, దానిమ్మ తోటల దగ్గర ఫారం పాండ్లకు 500 మైక్రాన్ల షీటు వేసుకున్నవాళ్లు ఊరూరా ఉన్నారు. ఐ.ఎస్. 15351 దానికి ప్రమాణం. పందికొక్కు కొరికినా, పార గుచ్చుకున్నా ఎలా అతుకు వేయాలో వాళ్లకే బాగా తెలుసు.

పొలం దగ్గరికి వచ్చేసరికి కాలువే వద్దని, భూమిలో పైపులు వేయమని ఇప్పుడు సలహా. కేంద్ర జల సంఘం 2017లో దీనికి మార్గదర్శకాలు ఇచ్చింది. కాలువకు పోయే భూమి మిగులుతుంది, ఇంకుడూ ఆవిరీ లేవు, దొంగ తూములు తగ్గుతాయి. వర్షాకాలంలో ఒండ్రు ఎక్కువగా వచ్చే చోట్ల పైపు మూసుకుపోకుండా నీటి వేగాన్ని నిలపాలి, ఫిల్టర్లు పెట్టాలి.

ఎండలో లైనింగ్ పని

లైనింగ్ వేసేది కాలువకు నీళ్లు ఆపేసే నెలల్లో, అంటే ఏప్రిల్, మే ఎండల్లో. కాంక్రీటుకు ఏడాది మొత్తంలో అంతకన్నా చెడ్డ కాలం లేదు. మొదట వాలును దారం కట్టి సరిచేస్తారు, ఎక్కువ తవ్విన చోట వదులు మట్టితో పూడ్చకుండా కాంక్రీటుతోనో గట్టిపరచిన మట్టితోనో నింపాలి. కాంక్రీటు పడే ముందు వాలును నీళ్లతో తడపాలి. తడపకపోతే ఎండిన మట్టి కాంక్రీటులోని నీటిని నిమిషాల్లో పీల్చేస్తుంది, కింది సగం సిమెంటుకు గట్టిపడే తడే ఉండదు. షీటు ఉన్న చోట ఈ ఇబ్బంది తప్పుతుంది. కీళ్ల కింద సన్నని కాంక్రీటు స్లీపర్లు ముందే పోస్తారు. పలకలను ఒకటి విడిచి ఒకటి పోసి, మొదటివి గట్టిపడ్డాక మధ్యవి పోస్తారు. కాలువ పెద్దదైతే పేవర్ యంత్రం వాలు మొత్తాన్ని ఒకేసారి పోస్తూ కీళ్లను కోసుకుంటూ పోతుంది.

ఆ పైన క్యూరింగ్. వారం పది రోజులు కాంక్రీటు తడిగా ఉండాలి. నీటి కోసం కాలువ కట్టే చోట నీళ్లు లేకపోవడమే ఇక్కడి చిక్కు. ట్యాంకరు నీళ్లతో రోజుకు రెండుసార్లు చల్లి, మధ్యాహ్నం ఆరిపోయిన పలకను చూసి క్యూరింగ్ అయిందనడం కుదరదు. గోనె పట్టాలు కప్పి తడపడమో, క్యూరింగ్ కాంపౌండ్ పూత కొట్టడమో చేయాలి. పని చీకటిపడ్డాక మొదలుపెట్టి పొద్దెక్కకముందే ముగించడం ఇంకా మంచిది.

వెనక నీళ్లు

లైనింగ్ పాడవడానికి రెండో పెద్ద కారణం దాని వెనక చేరే నీళ్లు. లోతు కోతల్లో, పక్కన చెరువో వరి మడో ఉన్న చోట, భూగర్భ నీరు లైనింగ్ వెనక నిలుస్తుంది. కాలువ నిండుగా ఉన్నంతసేపు రెండు వైపులా ఒత్తిడి సరిపోతుంది. ఒక్కసారిగా షట్టర్లు దించి కాలువ ఖాళీ చేస్తే వెనక నీరు పలకలను పైకి నెట్టేస్తుంది. ఐ.ఎస్. 4558 చెప్పే అడుగు డ్రెయిన్లు, ఇసుక, కంకర పొరలు, ఒత్తిడి తగ్గించే కవాటాలు ఇందుకే. కాలువను రోజుకు కొద్దికొద్దిగానే దించాలన్న నియమం కూడా ఇందుకే. ఈ నియమాన్ని నిజంగా పాటించగలిగేది తూము దగ్గర ఉండే లష్కరు. చాలా కాలువల మీద లష్కరు పోస్టులు ఏళ్లుగా ఖాళీగా ఉన్నాయి. కోట్ల రూపాయల లైనింగ్‌ను కాపాడే మనిషిని పెట్టకపోవడం ఏ లెక్కన చూసినా నష్టమే.

కాలువ ముఖం, కట్ట సరిగా లేకపోతే ఏమవుతుందో తెలుగుగంగ కాలువ చెప్పింది. మద్రాసుకు 12 టీఎంసీలు ఇవ్వాలని 1983లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ఒప్పందం చేసుకున్నాయి. 1996లో మొదటిసారి నీళ్లు వెళ్లాయి గాని దారిలోనే చాలా వరకు ఆవిరై, ఇంకి, చేరినవి కొద్దిగానే. 2002లో సత్యసాయిబాబా కండలేరు నుంచి పూండి దాకా కాలువను సరిచేసి లైనింగ్ వేయించే బాధ్యత తీసుకున్నారు. 2004 నవంబరులో నీళ్లు పూండి చేరాయి. ఆ కాలువకు సాయిగంగ అని పేరు వచ్చింది. నీరు అదే, మారింది కాలువ ముఖం, దాని వెనక ఉన్న కట్ట.

ఇంకడం అంతా నష్టమేనా

హంద్రీ-నీవా కాలువ శ్రీశైలం జలాలను ఎత్తిపోసి కర్నూలు, అనంతపురం మీదుగా చిత్తూరు వైపు తీసుకెళ్తుంది. దీనికి లైనింగ్ వేస్తామన్నప్పుడు అనంతపురం రైతులు, రైతు సంఘాలు గట్టిగా అడ్డుచెప్పారు. కాలువలో ఇంకిన నీరే తమ బోర్లలో ఊరుతోందని, కాలువ పక్క చెరువులు దానివల్లే బతుకుతున్నాయని వారి వాదన. చివరి ఆయకట్టుకు నీళ్లు చేరాలంటే లైనింగ్ తప్పదని ప్రభుత్వ వాదన. రెండూ నిజాలే. గ్రానైటు నేలలో బోరు ఎండితే తోట పోతుంది, కాలువ చివర నీళ్లు అందకపోతే కుప్పం వైపు రైతు పైరు పోతుంది.

ఇలాంటి పేచీ ప్రపంచంలో ఇంకా ఉంది. కాలిఫోర్నియాలో ఆల్ అమెరికన్ కాలువ 23 మైళ్ల మేర ఇసుకలో పారేది. దాని పక్కన కొత్త కాంక్రీటు కాలువ కట్టి ఏడాదికి 67,700 ఎకరపు అడుగులు, అంటే దాదాపు 3 టీఎంసీలు మిగుల్చుకున్నారు. సరిహద్దు అవతల మెక్సికోలోని మెహికాలి లోయ రైతుల బావుల్లోకి దశాబ్దాలుగా ఊరుతున్న నీరు అదే. కోర్టుల దాకా వెళ్లారు, ఆపలేకపోయారు.

అనంతపురంలో ఆ గతి పట్టనక్కర్లేదు. మనకు రెండు వైపులా ఉన్నది ఒకే రాష్ట్రం, ఒకే శాఖ. కట్ట మీద పారే చోట, ఇసుక వాగులు దాటే చోట, నల్లరేగడిలో లైనింగ్ వేయాలి. గరపలో కోతగా వెళ్తూ కింద చెరువులు, బోర్లు ఉన్న చోట వాలులకు మాత్రమే లైనింగ్ వేసి అడుగును మట్టిగా ఉంచవచ్చు. లేదా పూర్తి లైనింగ్ వేసి, చెరువులకు తూములు పెట్టి, కొలిచి నీళ్లు ఇవ్వవచ్చు. కొలవని ఇంకుడు మీద ఆధారపడటం కన్నా కొలిచి నింపే చెరువు రైతుకు హక్కుగా ఉంటుంది. ఏ భాగంలో ఎంత ఇంకుతోందో కాలువకు రెండు చోట్ల అడ్డుకట్ట వేసి, నీళ్లు నిలిపి, మట్టం ఎంత తగ్గుతుందో చూసి కొలిచే పద్ధతి ఐ.ఎస్. 9452లో ఉంది. కొన్ని రోజుల పని, పెద్ద ఖర్చు లేదు.

సాగునీటి నిర్వహణలో రైతులకు భాగం ఇచ్చిన 1997 చట్టం కింద ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాలు తమ కాలువకు లైనింగ్ మంజూరైందని విన్న వెంటనే మూడు కాగితాలు అడగాలి: కిలోమీటరుకు కిలోమీటరు ఇంకుడు కొలతలు, మట్టి పరీక్షల ఫలితాలు, సీఎన్ఎస్ మట్టి తెచ్చే క్వారీ పరీక్ష నివేదిక. ఈ మూడూ లేకుండా కాంక్రీటు లారీ కట్ట ఎక్కితే, అక్కడే ఆపి అడగండి.